గుండె దడ టెస్టుకి అసలు ఎంతవుతుంది?

అమెరికాలోని మన తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న ఏడాది పొడుగునా వస్తూనే ఉంటుంది. డాక్టరు రెండు వారాలు గుండెకి ప్యాచ్ (గుండె కొట్టుకోవడాన్ని రికార్డు చేసే, ఛాతీకి అతికించే స్టిక్కరు) పెట్టుకోమన్నారు, ఎంతవుతుందండీ? ఒకరు కో-పేతో (ఇన్సూరెన్స్ పోను మనం కట్టే చిన్న వాటా) సరిపోయిందంటారు, ఇంకొకరు బిల్లు చూసి కళ్ళు తిరిగాయంటారు. నిజానికి ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు.

ప్యాచ్ అతికించేది మీ కార్డియాలజిస్టు ఆఫీసులో. గడువయ్యాక దాన్ని పీకి డబ్బాలో పెట్టి పోస్టు చేస్తే, ఎక్కడో వేరే కంపెనీ రోజుకి లక్షసార్లు కొట్టుకునే గుండె రికార్డునంతా జల్లెడ పట్టి రిపోర్టు తయారుచేస్తుంది. దాన్ని చదివి సంతకం పెట్టేది మళ్ళీ డాక్టరు. అంటే ఒక్క స్టిక్కరుకి మూడు పనులు, మూడు చార్జీలు. 2021 జనవరి నుంచి వీటికి ప్రత్యేకంగా బిల్లింగ్ కోడ్‌లు ఉన్నాయి, ఏడు రోజులు దాటి పదిహేను రోజుల వరకు పెట్టుకునేదానికి 93245 నుంచి 93248. ఇందులో అసలు డబ్బు గుంజేది 93247, అంటే ఆ కంపెనీ చేసే విశ్లేషణ. మీ డాక్టరు ఇన్-నెట్‌వర్క్ (మీ ఇన్సూరెన్స్‌తో ఒప్పందం ఉన్నవారు) అయినంత మాత్రాన ఆ కంపెనీ కూడా అవ్వాలని లేదు, ఈ ఒక్కటీ అడక్కపోవడం వల్లే చాలామందికి తర్వాత ఇంటికొచ్చే కవరు చూసి గుండె నిజంగానే దడదడలాడుతుంది.

హై డిడక్టిబుల్ ప్లాన్ (ఇన్సూరెన్స్ ఇవ్వడం మొదలుపెట్టేలోపు ఏటా పెద్ద మొత్తం మనమే కట్టాల్సిన ప్లాన్) ఉన్నవాళ్ళకి జనవరిలో లెక్క మళ్ళీ మొదటికొస్తుంది కాబట్టి అప్పుడు చేయించుకుంటే దాదాపు మొత్తం జేబులోంచే. మెడికేర్ పార్ట్ బి (పెద్దవాళ్ళ ప్రభుత్వ ఇన్సూరెన్సులో డాక్టరు ఖర్చుల భాగం) ఉన్నవాళ్ళు ముందు డిడక్టిబుల్ (2025లో అది 257 డాలర్లు ఉండేది), ఆ తర్వాత ఆమోదించిన ధరలో 20 శాతం కట్టాలి. మనల్ని చూడ్డానికొచ్చి విజిటర్ ఇన్సూరెన్స్ మీద ఉన్న అమ్మానాన్నల సంగతి మాత్రం చెప్పనే అక్కర్లేదు, ఫైల్లో "పాత జబ్బు" అన్న మాట పడితే చాలు, క్లెయిమ్ గోవిందా. ఇన్సూరెన్స్ లేకుండా సొంత డబ్బుతో చేయించుకునేవాళ్ళకి 2022 నుంచి ముందే రాతపూర్వకంగా అంచనా అడిగే హక్కుంది. బిల్లు ఆ అంచనాకి 400 డాలర్లో అంతకు మించో ఎక్కువొస్తే, బిల్లు తేదీ నుంచి 120 రోజుల్లోగా వివాదం వేయొచ్చు. అడగడానికి మొహమాటపడకండి. చీరకి బేరమాడతాం కదా!

ఇక మన శ్రీకాకుళం సంగతి. నేను ఈ వ్యాసం మొదలుపెట్టింది అసలు దానికోసమే.

అక్కడ హోల్టర్ టెస్టు (ఒంటికి వైర్లు అతికించి ఒకటి రెండు రోజులు గుండెని రికార్డు చేసే మెషీను) అంటే కొన్ని వేల రూపాయలు. డాలర్లలోకి మార్చి చూసి "అబ్బో, ఎంత చవకో" అనుకునే అలవాటు మనందరికీ ఉంది. నరసన్నపేట అవతల మా చుట్టాల్లో ఒక పెద్దావిడకి వారంలో రెండు మూడుసార్లు దడ, ఒకసారి పెరట్లో కళ్ళు తిరిగి పడిపోయింది. దగ్గర్లో ఈసీజీ తీస్తే నార్మల్, "గ్యాసమ్మా" అని మందులు రాశారు. ఆఖరికి ఒక డాక్టరు హోల్టర్ పెట్టించుకోమని విశాఖ పంపారు. వంద కిలోమీటర్లు దాటిన ప్రయాణం. తోడు కొడుకు వెళ్ళాలి, అతను రోజుకూలి. మెషీను ఇవాళ పెడితే రేపు తీస్తారు, స్నానం చెయ్యకూడదు, వైర్లు ఊడకూడదు, కాబట్టి తిరిగి ఊరెళ్ళి రావడం కుదరదు. ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో గది, ఆటోలు, హోటల్ తిండి, రిపోర్టు ఇంకో రోజుకి, ఆ రిపోర్టు చూపించడానికి మళ్ళీ ఓపీ ఫీజు. ఇంతా చేస్తే ఆ ఇరవైనాలుగు గంటల్లో దడ రాలేదు! ఫోన్లో ఆవిడ అన్న మాట: "టెస్టుకైతే ఎలాగో సర్దినాం బాబూ, ఎల్లిరాడానికే అప్పు సేసినాం."

అప్పు చేసి మరీ వెళ్తే రిపోర్టులో ఏమీ లేదు. అది టెస్టు తప్పు కాదు. ఈసీజీ చూసేది పది సెకన్లు, హోల్టర్ ఒకటి రెండు రోజులు, అప్పుడప్పుడూ వచ్చే దడకి అదీ చాలదు. కారణం తెలియని పక్షవాతం వచ్చినవాళ్ళ మీద కెనడాలో చేసిన ఒక పరిశోధన 2014లో వచ్చింది. ముప్పై రోజులు రికార్డు చేస్తే 16 శాతం మందిలో ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె పై గదులు లయ తప్పి అదరడం, దాంతో రక్తం గడ్డకట్టొచ్చు) దొరికింది, ఇరవైనాలుగు గంటల హోల్టర్‌తో 3 శాతం మందిలోనే. అది దొరికితే రక్తం గడ్డకట్టకుండా మందు ఇస్తారు, దొరక్కపోతే మళ్ళీ పక్షవాతం వచ్చే ప్రమాదం అలాగే ఉండిపోతుంది.

2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి, ఆ పథకం మా వైపు ఎన్ని ప్రాణాలు నిలబెట్టిందో నేను కళ్ళారా చూశాను. పేస్‌మేకర్ వెయ్యాలని తేలితే దానికి దారి ఉంది. కానీ పథకం చికిత్స చుట్టూ అల్లినది. ఆ చికిత్స కావాలో వద్దో తేల్చుకోవడానికి తిరిగే తిరుగుడు, పోయిన కూలి, లాడ్జి గది, ఇవి ఏ కార్డులోనూ పడవు.

మరి మనం ఏం చేస్తున్నాం? సంక్రాంతికి వెళ్ళి మెడికల్ క్యాంపు పెడతాం. షామియానా, బ్యానరు, వచ్చినవాళ్ళందరికీ బీపీ, షుగరు, ఒక ఈసీజీ, మధ్యాహ్నం భోజనాలు, ఫోటోలు. షుగరు, బీపీలకి అది ఉపయోగమే, కాదనను. దడ ఉన్న మనిషికి మాత్రం ఆ రోజు ఈసీజీ నార్మల్ అని కాగితం చేతిలో పెట్టి పంపడం, నా దృష్టిలో, మేలు కన్నా కీడే. ఆ కాగితం చూసుకుని ఇంకో ఏడాది డాక్టరు దగ్గరికి వెళ్ళరు. (అమ్మకి ఈసీజీ తీసే స్మార్ట్ వాచీ కొనిచ్చేశాం అనేవాళ్ళకి: అది తీసేది ముప్పై సెకన్లు, దడ వచ్చినప్పుడు ఆవిడ గుర్తుపెట్టుకుని వేలు ఆనించాలి, ముందు దానికి చార్జింగ్ ఉండాలి.)

నేను అడిగేది ఇదీ. వచ్చే ఏడాది ఒక్క క్యాంపు మానేసి ఆ డబ్బుతో హోల్టర్‌కి గానీ అంతకన్నా ఎక్కువ రోజుల రికార్డింగుకి గానీ డాక్టరు రాసిన పేషెంట్లకి దారిఖర్చు, తోడువచ్చిన మనిషికి పోయిన కూలి, ఉండడానికి గది ఇద్దాం. టెస్టు ఫీజుకి డబ్బు చాలనివాళ్ళకి అదీ కలుపుదాం. దీనికి ట్రస్టులూ రిబ్బన్ కటింగులూ అక్కర్లేదు. శ్రీకాకుళం, విజయనగరం ప్రభుత్వాసుపత్రుల డాక్టర్లు రాసిన చీటీ, బస్సు టిక్కెట్లు, లాడ్జి రసీదు ఉంటే చాలు, ఊళ్ళో ఉన్న మన స్నేహితుల్లో ఇద్దరు చూసి ఫోన్‌పే చేస్తారు. దొంగ చీటీలు వస్తాయని కార్యవర్గంలో ఒకరు అప్పుడే అన్నారు. రావచ్చు. క్యాంపు భోజనాల లెక్కల్లో రానట్టు!