నూకలతో కండ పట్టదు

ఫారం పంజరాల్లోంచి కాపాడి తెచ్చిన బక్క కోళ్లకు నూకలు, మొక్కజొన్న దండిగా వేయమన్నారు ఒక వ్యాసంలో. వాటితో కొవ్వు పడుతుందేమో గానీ కండ రాదండీ. 16-17 శాతం ప్రొటీన్ ఉన్న లేయర్ దాణానే, అంటే గుడ్లు పెట్టే కోళ్ల కోసం తయారుచేసే మేతే అసలు తిండి, గింజలు సాయంత్రం ఓ గుప్పెడు చాలు. పైగా ఈ కోళ్లకు చాలావరకు ముక్కు కొస కత్తిరించి ఉంటుంది. నేల మీద చల్లిన గింజ ముక్కుకు చిక్కక జారిపోతుంది, పొడిచి పొడిచి విసిగి వదిలేస్తాయి పాపం. లోతైన గిన్నెలో దాణా కాస్త తడిపి పెట్టండి, పులిసేలోపు తీసేయండి. బలమైనవి తరిమేస్తాయి కాబట్టి రెండు మూడు చోట్ల పెట్టాలి. బాగా తింటున్నా రొమ్ము ఎముక కత్తి అంచులా చేతికి తగులుతూనే ఉంటే రెట్ట పరీక్ష చేయించండి, నులిపురుగులు ఉండొచ్చు. తెల్లారేసరికి మెడ కింద మేత సంచి ఖాళీ కాకపోతే మాత్రం వెంటనే పశువుల డాక్టరుకు చూపించాలి.