నార్నియా పిల్లలకే అంటే ఎట్లా
విశ్వాసం, దుఃఖం మీద ఏ నవలలు చదవాలో చెప్తూ మీరు పెట్టిన పోస్టులో, అలాంటి నవల కావాలంటే పెద్దోళ్ల పుస్తకాలే చదవాలి, నార్నియా (మాట్లాడే జంతువులుండే మాయాలోకం) లాంటి సాహస కథలు పిల్లల కాలక్షేపానికే అని రాశారు చూడండి, అక్కడ మాత్రం నేను ఒప్పుకోను. ఆ నార్నియా పుస్తకాల్లోదే ‘ది మెజీషియన్స్ నెఫ్యూ’ (1955) తీసుకోండి, వేరే లోకాలు, మంత్రగత్తె, ఎగిరే గుర్రం అన్నీ ఉంటాయి, కానీ డిగరీ అనే పిల్లాడి తల్లి మంచాన పడి ఉంటుంది, నార్నియాని సృష్టించిన సింహం అస్లాన్‌ని, అమ్మని బాగు చెయ్యమని అడిగి వాడు తలెత్తి చూస్తే ఆ సింహం కళ్లల్లో వాడి కన్నీళ్ల కన్నా పెద్ద కన్నీళ్లు. రాసిన సి.ఎస్. లూయిస్‌కి తొమ్మిదేళ్లప్పుడే, 1908లో, వాళ్లమ్మ క్యాన్సర్‌తో పోయింది, కథలో మాత్రం ఆ తల్లి బతుకుతుంది. మా పిన్ని పోయినప్పుడు ఆదరణ కూడికలో అందరూ దేవుని చిత్తం, దేవుని చిత్తం అంటుంటే వాళ్లబ్బాయి (అప్పుడు ఇంటర్‌లో ఉన్నాడు) లేచి బయటికెళ్లిపోయాడు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికిన ఈ పుస్తకం పాత కాపీ, అట్ట కూడా సరిగ్గా లేదు, అదే వాడికిచ్చా, తర్వాత చూస్తే సరిగ్గా ఆ సింహం ఏడ్చే పేజీయే మడతపెట్టి ఉంది. మీరు ఫస్ట్ చెప్పిన ‘ది షాక్’ (The Shack) నవల కూడా మంచిదే గానీ, కూతుర్ని ఎత్తుకెళ్లి చంపేసిన కథని అప్పుడే మనిషిని పోగొట్టుకున్నోళ్ల చేతిలో నేనైతే పెట్టను, కాస్త నెమ్మదించాక అయితే ఓకే.