ఫస్టియర్ స్టాటిస్టిక్సే కష్టం, ఎమ్మెస్సీ కాదు

తిరుపతిలో డిగ్రీ అడ్మిషన్లు మొదలైతే చాలు, తెలిసినవాళ్ళు నాకు ఫోన్ చేస్తారు. "మావాడు స్టాటిస్టిక్స్ తీసుకుంటానంటున్నాడు, కష్టమా అమ్మా?" అని. ఎమ్మెస్సీ పెద్ద కష్టం కాదు, ఫస్టియరే కష్టం అంటాను. నవ్వుతారు. మీన్, మీడియన్, మోడ్‌లో ఏముంది, స్కూలు పిల్లలకే వచ్చు కదా అంటారు.

నా గొడవంతా ఆ నవ్వు మీదే. అలా నవ్వేది తల్లిదండ్రులే అయితే పట్టించుకోను. సిలబస్ వేసేవాళ్ళు, టైమ్‌టేబుల్ వేసేవాళ్ళు కూడా అలాగే అనుకుంటారు. అందుకే ఫస్టియర్ క్లాసులు ఎప్పుడూ కొత్తగా చేరిన గెస్ట్ లెక్చరర్‌కి పడతాయి. సీనియర్లు మెజర్ థియరీ, మల్టీవేరియేట్ పంచుకుంటారు. తలకిందులుగా ఉండాల్సిన పంపకం ఇది.

క్లాసు నడిచే తీరు చూడండి. ముందు సగటులు, స్టాండర్డ్ డీవియేషన్, స్క్యూనెస్, కర్టోసిస్. తర్వాత ప్రాబబిలిటీ, బైనామియల్, పాయిజాన్, నార్మల్. ఆ తర్వాత, ఇంటర్నల్స్ ముంచుకొస్తున్నప్పుడు, ఒకటి రెండు గంటల్లో శాంప్లింగ్ డిస్ట్రిబ్యూషన్ (మళ్ళీ మళ్ళీ శాంపిళ్ళు తీస్తే వచ్చే సగటులు ఎలా పరుచుకుంటాయో చెప్పేది) అనే మాట వచ్చి వెళ్ళిపోతుంది. డెఫినిషన్ రాసుకుంటారు, రెండు మార్కుల ప్రశ్న కింద గుర్తుపెట్టుకుంటారు. మరుసటి రోజు నుంచి, కనిపించిన తేడా నిజమా, కేవలం యాదృచ్ఛికమా అని తూచే టీ టెస్ట్, ఎఫ్ టెస్ట్, కై-స్క్వేర్ లెక్కలు.

ఆ గంటలో దాటేసిందే ఈ సబ్జెక్టుకి ప్రాణం. మీ చేతిలో ఉన్నది ఒకే శాంపిల్, అంటే మొత్తంలోంచి తీసిన కొన్ని అంకెలు, దానికి ఒకే సగటు. అయినా ఆ సగటు ఎంత ఊగుతుందని అడుగుతున్నాం. ఒక్క అంకె ఎలా ఊగుతుంది? మనం తీయని శాంపిళ్ళు, తీసి ఉంటే వచ్చే సగటులు, వాటన్నిటినీ మనసులో పరుచుకుని చూస్తే తప్ప ఈ ప్రశ్నకి అర్థమే లేదు. జరగనివాటితో పోల్చి జరిగినదాన్ని తూచడం పద్దెనిమిదేళ్ళ పిల్లలకే కాదు, పెద్దవాళ్ళకీ వెంటనే మింగుడుపడదు. దానికి నెలన్నర కేటాయించినా తక్కువే.

ఎమ్మెస్సీలో వచ్చే సఫిషియన్సీ, నేమన్-పియర్సన్ లెమ్మా, లీనియర్ మోడల్స్ చూడటానికి భయపెడతాయి కానీ అవి గణితం. ఒక లైను తర్వాత ఇంకో లైను. నాలుగుసార్లు రాస్తే చేతికొస్తుంది, పరీక్షలో దించేయొచ్చు. కానీ ఆ లెమ్మాని తప్పు లేకుండా రాసిన పిల్లని "ఈ టెస్ట్‌లో 5 శాతం దేన్లో 5 శాతం?" అని అడగండి. దిక్కులు చూస్తుంది. నిజంగా తేడా ఏమీ లేకపోయినా, మళ్ళీ మళ్ళీ తీసే శాంపిళ్ళలో తేడా ఉందని పొరపాటుగా చెప్పేవి ఎన్నో ఆ 5 శాతం. ఆ పిల్ల తెలివిలో లోపం లేదు. పునాదిలో వేయాల్సిన రాయి ఎవరూ వేయలేదు.

క్లాసులో ప్రశ్న అడిగితే ఏమవుతుందో కూడా చెప్పాలి. అంకెలు సగటు చుట్టూ ఎంత చెదిరాయో చెప్పే వేరియన్స్‌కి, అంకెల సంఖ్య ఎన్‌తో కాకుండా ఎన్ మైనస్ 1తో ఎందుకు భాగిస్తామని అడిగితే "డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, రాసుకో" అనే జవాబు మా బ్యాచ్ అందరికీ గుర్తే. చెబితే పది నిమిషాల పని. సగటు నుంచి తేడాలన్నీ కూడితే సున్నా వస్తుంది కాబట్టి నాలుగు తేడాల్లో మూడు తెలిస్తే నాలుగోది తెలిసిపోయినట్టే. పైగా శాంపిల్ సగటు ఆ శాంపిల్ అంకెల మధ్యనే కూర్చుంటుంది. అసలు పాపులేషన్ సగటు, అంటే శాంపిల్ తీసిన ఆ మొత్తం సగటు, నుంచి కొలిచి ఉంటే తేడాల వర్గాల మొత్తం ఇంకాస్త పెద్దదే వచ్చేది. ఆ తరుగుని సరిచేయడానికే కింద ఒకటి తగ్గిస్తాం. ఇంతే. ఈ నాలుగు ముక్కలు చెప్పకుండా సెమిస్టర్ అంతా కాలిక్యులేటర్ నొక్కిస్తారు.

ప్రపంచానికి తెలిసిన స్టాటిస్టిషియన్ సి.ఆర్.రావు గారి ఫోటో లేని స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్ మన వైపు అరుదు. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖల్లో చదువుకున్న మనిషి, ఆంధ్రా యూనివర్సిటీలో గణితం ముగించి కలకత్తా వెళ్ళి మహలనోబిస్ పెట్టిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. 2023లో ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ళ వయసులో కన్నుమూశారు. ఆయన పేరుతో క్విజ్‌లు పెడతాం, దండలు వేస్తాం. కానీ ఒక అంచనా ఊగిసలాట ఎంతకంటే తగ్గదో చెప్పే క్రామెర్-రావు ఇనీక్వాలిటీ ఎలా పుట్టిందో పిల్లలకి చెప్పం. ఆయన కలకత్తాలో ఎస్టిమేషన్ (శాంపిల్ నుంచి అంచనా కట్టడం) పాఠం చెబుతున్నారు. పెద్ద శాంపిళ్ళకి ఇంగ్లీషు స్టాటిస్టిషియన్ ఫిషర్ ఇచ్చిన ఒక ఫలితం చెప్పారు. ఒక విద్యార్థి లేచి, చిన్న శాంపిళ్ళకి కూడా ఇలాంటిది ఉందా సార్ అని అడిగాడు. ఆ విద్యార్థే తర్వాత ఆర్థికవేత్తగా పేరు తెచ్చుకున్న వి.ఎం.దాండేకర్. రావు గారు ఆ రాత్రి కూర్చుని రుజువు రాబట్టారు. 1945లో అచ్చయింది. "సిలబస్‌లో లేదు, కూర్చో" అని ఉంటే?

ఇక టీ టెస్ట్. మనకి అది పుస్తకం చివరి పేజీల్లోని టేబుల్. దాన్ని కనిపెట్టిన గాసెట్ డబ్లిన్‌లో గిన్నిస్ బీరు కంపెనీ ఉద్యోగి. గణితంతో తేల్చడానికి ముందు ఆయన ఏం చేశాడంటే, 3,000 మంది ఖైదీల ఎత్తు, ఎడమచేతి నడిమి వేలి పొడవు కొలతలు అట్టముక్కల మీద రాసి, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 శాంపిళ్ళు తీసి చూశాడు. 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ఆ పేపర్ వేశాడు. కనిపెట్టిన మనిషికే చీటీలు కలిపి చూడాల్సిన అవసరం కనిపిస్తే, మన పిల్లలు నేరుగా టేబుల్ చూసి అర్థం చేసుకోవాలట.

చీటీలకి మన ఊళ్ళో డేటా కరువా? రోజూ పేపర్లో వస్తుంది కదా, నిన్న శ్రీవారిని దర్శించుకున్నవారు ఇంతమంది, తలనీలాలు ఇచ్చినవారు ఇంతమంది, హుండీ ఆదాయం ఇంత, సర్వదర్శనానికి ఇన్ని గంటలు అని. ఏడాది దర్శనాల అంకెలు 365 చీటీల మీద రాయండి. డబ్బాలో వేసి కలిపి, ఒక్కొక్కరి చేత నాలుగేసి తీయించి, సగటు కట్టి, బోర్డు మీద చుక్క పెట్టించండి. క్లాసంతా రెండు మూడుసార్లు తీసేసరికి చుక్కల గుట్ట లేస్తుంది. రోజువారీ అంకెల ఊగిసలాటతో పోలిస్తే ఆ చుక్కల ఊగిసలాట దాదాపు సగమే ఉంటుంది. పదహారేసి తీస్తే నాలుగో వంతు. అంకెల ఊగిసలాటని శాంపిల్ సైజు వర్గమూలంతో భాగించే సిగ్మా బై రూట్ ఎన్ అంటే ఏమిటో అప్పుడు ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు.

తర్వాత అదే డేటాతో ఇంకో పని చేయించండి. కలపకుండా, వరసగా నాలుగు రోజులు తీసి సగటు కట్టమనండి. ఊగిసలాట అంతగా తగ్గదు. వేసవి సెలవుల్లో రద్దీ రోజులన్నీ గుంపుగా వస్తాయి, పక్కపక్క రోజులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. "ఇండిపెండెంట్" అనే మాట ఫార్ములా పక్కన ఎందుకు రాస్తారో అక్కడ తెలుస్తుంది. మూడేళ్ళ తర్వాత ఎమ్మెస్సీలో టైమ్ సిరీస్ వచ్చినప్పుడు ఆటోకోరిలేషన్ (ఇలా పక్కపక్క అంకెల మధ్య ఉండే పోలిక) వాళ్ళకి పాత చుట్టంలా కనిపిస్తుంది.

క్యూల లెక్కలు చెప్పే క్యూయింగ్ థియరీ మాత్రం తిరుపతిలో చదువుతూ కూడా బ్యాంకు కౌంటర్ ఉదాహరణతో నేర్చుకోవడం నాకు నవ్వు తెప్పిస్తుంది. కంపార్ట్‌మెంట్లన్నీ నిండి శిలాతోరణం దాకా లైను అని వార్త వచ్చిన రోజు లిటిల్స్ లా చెప్పడానికి ఇంకేం కావాలి? లైనులో ఉన్నవాళ్ళ సంఖ్య అంటే గంటకి వెళ్ళేవాళ్ళని వేచి ఉండే గంటలతో గుణించడమే. గంటకి 3,000 మంది లోపలికి వెళ్తున్నారనుకుందాం, వేచి ఉండే సమయం 12 గంటలనుకుందాం, లైనులో 36,000 మంది ఉన్నట్టు. జాన్ లిటిల్ 1961లో దీన్ని రుజువు చేశాడు. అడిగే ప్రశ్న మన అవ్వలకి కూడా అర్థమవుతుంది.

డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ సంగతి ఇంకా అన్యాయం. తిరుపతిలోనే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. నారాయణి, ధరణి వేరుశనగ రకాలు అక్కడినుంచే వచ్చాయి. పొలంలో ఒక పక్క నేల సారవంతం, ఇంకో పక్క గరుసు నేల అయితే రకాలని ఎలా పంచాలి? బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులో అన్ని రకాలూ వేసి, ఏది ఎక్కడన్నది చీటీ తీసి తేల్చాలి. ఫిషర్ ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ పొలాల దగ్గర పనిచేస్తూ ఆలోచించింది ఇదే. మన పిల్లలు ఇలా బ్లాకులుగా వేసే ప్రయోగం (ఆర్‌బీడీ) ఫలితాల అనోవా టేబుల్‌ని స్కేలు పెట్టి గీస్తారు. ఆ పొలం గట్టు మీదికి ఒక్క పూటైనా తీసుకెళ్ళరు.

ప్రాక్టికల్ రికార్డు గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. ఎయిమ్, ఫార్ములా, కాలిక్యులేషన్, ఇన్‌ఫరెన్స్. సీనియర్ రికార్డులోంచి దించిన అంకెలే. చివర్లో "నల్ హైపాథసిస్ (తేడా ఏమీ లేదనే ఊహ) యాక్సెప్టెడ్" అని అండర్‌లైన్. ఆధారం చాలకపోవడం వేరు, నిజమని ఒప్పుకోవడం వేరు అని ఎవరూ ఎర్ర ఇంకుతో దిద్దరు. గ్రాఫ్ షీట్ నీట్‌గా లేకపోతే మాత్రం మార్కులు కట్. స్టాటిస్టిక్స్ లెక్కలు చేసే ఆర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, ల్యాబ్‌లో కంప్యూటర్లూ ఉన్నాయి, తాళం కూడా ఉంది.

దీని ఫలితం నా దగ్గరికి నడిచొస్తుంది. ఇతర డిపార్ట్‌మెంట్ల రీసెర్చ్ స్కాలర్లు ప్రశ్నావళి నింపించుకుని, ఎక్సెల్ షీట్‌తో వస్తారు. "అక్కా, ఎట్లైనా సిగ్నిఫికెంట్ (పీ-వాల్యూ 0.05 కంటే తక్కువ) రావాల. గైడ్ సార్ అడుగుతాండారు." ఎవరిని అడిగారు, ఎలా ఎంచుకున్నారు అంటే, అందుబాటులో ఉన్నవాళ్ళని అంటారు. 0.05 అనేది ఫిషర్ 1925 నాటి పుస్తకంలో వీలుగా ఉంటుందని సూచించిన గీత. పీ-వాల్యూ (తేడా నిజంగా లేకపోయినా ఇంత తేడా కనిపించే అవకాశం) ఒక్కదాన్నే పట్టుకుని నిర్ణయాలు చేయొద్దని 2016లో అమెరికన్ స్టాటిస్టికల్ అసోసియేషన్ ప్రకటన కూడా ఇచ్చింది. ఇవన్నీ చెబితే మొహం వాడిపోతుంది. "అంటే రాదా అక్కా?" వాళ్ళని తిట్టలేను. పెళ్ళిళ్ళు వాయిదా వేసుకుని థీసిస్ చేస్తున్నారు, ఆ టెన్షన్ వాళ్ళది.

చిన్న క్లాసులో అంత లోతు అక్కర్లేదు, పైకి వెళ్తే వాళ్ళకే అర్థమవుతుందని కొందరు సార్లు కామెంట్ పెడతారని తెలుసు. పైకి వెళ్ళినవాళ్ళని చూసే రాస్తున్నాను సార్. ఈ ఊళ్ళోనే మాకు ఒక మేడమ్ ఉండేవారు, రిటైర్మెంట్‌కి దగ్గరపడినా పట్టుబట్టి ఫస్టియర్ క్లాసులే తీసుకునేవారు. ఆమె దగ్గర మొదలుపెట్టిన బ్యాచ్ వాళ్ళు ఎక్కడ పనిచేస్తున్నా తేడా తెలుస్తుంది. సిలబస్ అవ్వదంటారు కదా, స్క్యూనెస్‌కి మూడు ఫార్ములాలు, స్టెప్-డీవియేషన్ పద్ధతి తీసేయండి, బోలెడు గంటలు మిగులుతాయి. కాలిక్యులేటర్ లేని రోజుల షార్ట్‌కట్లు అవి.

డేటా సైన్స్ కోచింగ్ చాలదా అంటే, పైథాన్‌లో ఒక లైను రాస్తే టీ టెస్ట్ వచ్చేస్తుంది. రావడం ఎప్పుడూ సమస్య కాదు.

తిరుపతి, చిత్తూరు వైపు ఈ ఏడాది ఫస్టియర్ చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి. దర్శనం అంకెలు చీటీలుగా కత్తిరించుకునేలా ప్రింట్ ఫైలు చేసి పెట్టాను, పంపిస్తాను. డబ్బా మీరే తెచ్చుకోవాలి.