గేటు తాళం మార్చే ముందు

డాలస్‌కు ఉత్తరాన పొలాలు కొంటున్న మనవాళ్ళు రిజిస్ట్రేషన్ అయిన వారంలోపే చేసే పని, గేటుకు కొత్త తాళం వేయడం. అంతవరకు ఆ పొలంలో జింకల వేటకు ఏటా కౌలు కడుతూ వచ్చిన మనిషికి ఆ సంగతి చాలాసార్లు గేటు ముందుకు వచ్చి నిలబడ్డాకే తెలుస్తుంది. ఇది తప్పని నా అభిప్రాయం. మర్యాద మాట అలా ఉంచినా, లెక్క ప్రకారం కూడా తప్పే.

డాలస్‌కు ఉత్తరాన గ్రేసన్ కౌంటీలోని షెర్మన్‌లో చిప్‌ల ఫ్యాక్టరీలు కడతామని టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 2021లో ప్రకటించాక ఆ కౌంటీ వైపు మన చూపు బాగా మళ్ళింది. పది పదిహేను కుటుంబాలు కలిసి ఒక ఎల్ఎల్‌సీ (ఉమ్మడి కంపెనీ) పెట్టడం, నలభై యాభై ఎకరాలు కొనడం, ఐదారేళ్ళు ఉంచి బిల్డరుకు అమ్మడం. మా గ్రూపూ అలాంటిదే. మాలో ఎవరికీ ట్రాక్టరు తోలడం రాదు, విల్లు పట్టడం అసలే రాదు. విల్లు అని ఎందుకన్నానంటే, ఆ కౌంటీలో జింకను తుపాకీతో కొట్టకూడదు. విల్లుబాణాలో క్రాస్‌బోనో (తుపాకీలా మీట నొక్కి బాణం వదిలే విల్లు) వాడాలి. అందుకే అక్కడ బాగా ముదిరిన పోతు జింకలు కనిపిస్తాయనీ, వేట కౌలుకు అంత గిరాకీ అనీ స్థానికులు చెబుతారు.

పాత పొలాల గేట్లను ఎప్పుడైనా దగ్గరగా చూశారా? గొలుసు రెండు కొసలనూ కలిపేది ఒక్క తాళం కాదు. నాలుగైదు తాళాలు ఒకదానిలో ఒకటి తగిలించి ఉంటాయి. ఒకటి యజమానిది, ఒకటి గడ్డి కోసుకునే రైతుది, ఒకటి కరెంటువాళ్ళది, తుప్పు పట్టిన ఆ చివరిది వేటగాడిది. ఎవరి తాళం వాళ్ళు తీసుకుంటే గేటు తెరుచుకుంటుంది, మిగతావాళ్ళతో పని లేదు. మా పక్క పొలం కొన్న గ్రూపు ఆ వరుసనంతా కట్టరుతో కోసేసి, మెరిసే కొత్త తాళం ఒకటి బిగించింది. వేటగాడితో పాటు గడ్డి రైతు కూడా బయటే మిగిలాడు. ఆ రైతు కోసే గడ్డి మీదే తమ ఆస్తి పన్ను రాయితీ నిలబడి ఉందని వాళ్ళకు పన్ను కోసం భూమి విలువ కట్టే అప్రైజల్ ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చాక గానీ అర్థం కాలేదు.

పన్ను సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. టెక్సస్‌లో సాగులో ఉన్న భూమికి మార్కెట్ ధర మీద కాకుండా, ఆ నేల సాగు మీద ఇచ్చే రాబడిని బట్టి పన్ను వేస్తారు. ఉదాహరణకు నలభై ఎకరాలు, ఎకరం మార్కెట్ ధర 20,000 డాలర్లు, పన్ను రేటు 2 శాతం అనుకుందాం. రాయితీ లేకపోతే ఏడాదికి 16,000 డాలర్లు. సాగు విలువ ఎకరానికి 200 డాలర్లుగా కడితే పన్ను 160 డాలర్లే. సాగు ఆగితే ఆ రాయితీ పోతుంది. భూమిని ఇళ్ళకో దుకాణాలకో మారిస్తే వెనకటి మూడేళ్ళ తేడా కూడా కట్టించుకుంటారు. మన లెక్కలో అది 47,000 డాలర్లు దాటుతుంది.

వేట కౌలు ఒక్కదానితో ఈ రాయితీ రాదు. వస్తుందనే భ్రమ మనవాళ్ళలో చాలామందికి ఉంది. కానీ అప్పటికే సాగు రాయితీ ఉన్న భూమిని 1995లో వచ్చిన రాజ్యాంగ సవరణ ప్రకారం వన్యప్రాణి నిర్వహణ కిందికి మార్చుకోవచ్చు, పన్ను మారదు. అందుకు ఏడు పనుల్లో కనీసం మూడు చేసి చూపాలి: మేత, నీరు, గూడు ఏర్పాటు చేయడం, పొదలూ చెట్లూ చూసుకోవడం, నేల కోత ఆపడం, హాని చేసే జంతువులను అదుపు చేయడం, జంతువుల లెక్క తీయడం. డాలస్ శివారు ఫ్రిస్కోలో కూర్చుని సాఫ్ట్‌వేర్ రాసుకునే మనలో ఎవరు వెళ్ళి జింకల లెక్క తీస్తారు? వేటగాడు ఆ పనిలో సగం తన సరదా కోసమే చేస్తాడు.

మా పొలంలో వేటకు వచ్చే పెద్దాయన మాకు ఏడాదికి 1,200 డాలర్లు కడతాడు. పన్నెండు కుటుంబాలం కనుక ఇంటికి వంద. "ఈ వంద డాలర్ల కోసం ఈ తలనొప్పి ఎందుకు?" అని ప్రతి సమావేశంలోనూ ఎవరో ఒకరు అంటారు. నిజమే, వంద డాలర్లకు ఒక పూట బిర్యానీ పార్టీ కూడా రాదు. అయితే గాలివానకు పెకాన్ చెట్టు కంచె మీద పడి పక్కవాళ్ళ ఆవులు లోపలికి వచ్చినప్పుడు ముందుగా ఫోను చేసింది ఆయనే. మేము ఎవరిని పిలవాలా అని వాట్సాప్‌లో చర్చించుకునే లోపే రంపంతో కొమ్మలు కోసి, ముళ్ళతీగ లాగి కట్టి, ఫొటో పంపాడు. అర్ధరాత్రి ఎవరో పికప్ ట్రక్కులో వచ్చి పాత టైర్లు పారబోస్తుంటే నంబరు ప్లేటుతో సహా పట్టించింది ఆయన చెట్టుకు కట్టిన కెమెరా. ఇదే పనికి మనిషిని పెట్టుకుంటే ఎంతవుతుందో ఆ వంద డాలర్ల లెక్క చెప్పేవాళ్ళు ఒకసారి విచారించాలి.

వేటగాడు అదుపులో ఉంచే అడవిపందుల సంగతి వేరే చెప్పనక్కరలేదు. ఊళ్ళో వేరుశనగ చేను వేసినవాళ్ళకు తెలుసు, ఒక్క రాత్రిలో అవి ఏం చేస్తాయో.

ఇక మనవాళ్ళ అసలు భయం, ఎవరైనా దెబ్బ తగిలించుకుంటే మన మీద కేసు వేస్తారని. భయం సహజమే, కానీ చట్టం చదివిన భయం కాదది. వేట లాంటి వినోదం కోసం రానిచ్చిన మనిషి విషయంలో, చొరబడ్డవాడి పట్ల ఉండే బాధ్యతకు మించి యజమానికి ఉండదని టెక్సస్ చట్టం చెబుతుంది. తీవ్ర నిర్లక్ష్యానికి మాత్రం మినహాయింపు లేదు. డబ్బు తీసుకుంటే ఆ రక్షణకు ఒక హద్దు ఉంది: నిరుడు వసూలు చేసిన మొత్తం, ఆ భూమికి నిరుడు పడ్డ పన్నుకు ఇరవై రెట్లు దాటకూడదు. దాటితే తగిన బీమా ఉండాలి. ఇందులో ఒక తమాషా ఉంది. పన్ను 160 డాలర్లయితే హద్దు 3,200. రాయితీ ఎంత బాగా ఉంటే ఈ హద్దు అంత కిందికి దిగుతుంది. కనుక కౌలు పెంచుదామని ఉత్సాహపడేవాళ్ళు ముందు బీమా ఏజెంటుతో మాట్లాడాలి. కౌలుకిచ్చే యజమాని రాష్ట్రం నుంచి వేట కౌలు లైసెన్సు తీసుకోవాలన్నది కూడా మరిచిపోకూడదు.

రెండో భయం మనం ఊరి నుంచి మూటగట్టుకుని తెచ్చుకున్నది. కౌలుదారును ఎక్కువ కాలం ఉండనిస్తే నేల తనదంటాడని. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. ఒప్పందం పదకొండు నెలలకే, యజమాని హక్కుకు ఢోకా లేదని స్పష్టంగా రాశారు. అయినా అమెరికాలో ఉన్న యజమానులెందరో తమ పొలం దున్నే రైతుకు ఆ కాగితం మీద సంతకం పెట్టరు. అదే అలవాటు ఇక్కడా. నిజానికి రాతపూర్వకంగా అనుమతి ఇచ్చి కౌలు తీసుకుంటే, అనుభవం మీద హక్కు వచ్చిందనే వాదన నిలవదు. కాగితం లేకుండా వదిలేసిన నేలకే ప్రమాదం ఎక్కువ.

అవతలి మనిషికి పడే ఖర్చు మన కంటికి కనబడదు. టెక్సస్ నేలలో దాదాపు 95 శాతం ప్రైవేటుది. 48 డాలర్ల వార్షిక పర్మిట్‌తో వేటాడగల ప్రభుత్వ భూములు ఉన్నాయి. మనకు దగ్గరలో ఫ్యానిన్ కౌంటీలోని కాడో గడ్డి మైదానాలు అలాంటివే. కానీ సీజనులో అక్కడ ఎంతమంది పోటీయో ఊహించుకోవచ్చు. మరో కౌలు దొరకాలంటే పశ్చిమాన నాలుగైదు గంటలు కారులో పోవాలి. మంచె విప్పి మోయాలి, మొక్కజొన్న చల్లే డ్రమ్ము కొత్త చోట పాతాలి, జింకలు ఎటు నడుస్తాయో మళ్ళీ మొదటి నుంచి తెలుసుకోవాలి. మనవడికి విల్లు ఎక్కుపెట్టడం నేర్పుతున్న ముసలాయన ఆ వయసులో ఇవన్నీ చేయడు. మానేస్తాడు.

మన నేల మీద ప్రాణి చావకూడదు అనేవాళ్ళు మా గ్రూపులోనూ ఉన్నారు. ఆ మాటను నేను గౌరవిస్తాను, అది యజమాని హక్కు కూడా. అయితే ఆ మాటే చెప్పాలి. బీమా వంక పెట్టకూడదు.

వేటగాళ్ళందరూ మంచివాళ్ళనీ అనను. బీరు డబ్బాలు వదిలేసేవాళ్ళు, అడగకుండా బావమరుదులను వెంటబెట్టుకొచ్చేవాళ్ళు, గేటు తీసి వదిలేసి పోయేవాళ్ళు ఉన్నారు. ఒప్పందంలో వచ్చేవాళ్ళ పేర్లు రాయించండి, అతిథులు వద్దనండి, మాట తప్పితే రద్దని రాయండి. పంపించక తప్పకపోతే జింకల సీజను ముగిసే జనవరిలోనే చెప్పండి. సెప్టెంబరులో, మేత చల్లి కెమెరాలు కట్టుకున్నాక, చెప్పకండి.

మా ఎల్ఎల్‌సీ సమావేశం వచ్చే నెలలో ఉంది. కౌలు 1,200 దగ్గరే ఉంచి, మూడేళ్ళకు కాగితం రాసి, బిల్డరు ఖాయమైతే ఒక సీజను ముందు తెలియజేస్తామని అందులో చేర్చాలని నేను ప్రతిపాదిస్తున్నాను. ఓడిపోతాననే అనుకుంటున్నాను. ఐదుగురు ఇప్పటికే వద్దన్నారు, ఇద్దరు ఇండియాలో ఉన్నారు.