తొలి ఐబీఎం పీసీ మీద యునిక్స్ నడవలేదన్న వాదన నిలవదు

తొలి ఐబీఎం పీసీ మీద యునిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను నడపడం అసాధ్యమని, ఇంటెల్ 386 ప్రాసెసరు, ఆపై 1991లో లినక్స్ వచ్చేదాకా పీసీ ఉన్నవారికి ఆ తరహా వ్యవస్థ అందనేలేదని చాలామంది పంచుకుంటున్నారు. ఆ పీసీలోని 8088 ప్రాసెసరుకు మెమరీ రక్షణ (ఒక ప్రోగ్రాము మరోదాని మెమరీలో రాయకుండా ఆపే ఏర్పాటు) లేదని, మెమరీ చాలదని, అలాంటి వ్యవస్థను ఎవరూ అమ్మలేదని కారణాలు చెబుతున్నారు.

ముందు అమ్మకం సంగతి. మార్క్ విలియమ్స్ కంపెనీ యునిక్స్‌ను పోలిన కోహెరెంట్‌ను 1983లోనే పీసీకి తెచ్చింది. యునిక్స్ హక్కుదారు ఏటీ అండ్ టీ లైసెన్సుతో మైక్రోసాఫ్ట్ రూపొందించిన యునిక్స్ రూపం జెనిక్స్‌ను శాంటాక్రూజ్ ఆపరేషన్ అనే సంస్థ 8088కు మలిచింది. 1984లో స్వయంగా ఐబీఎంయే, ఇంటరాక్టివ్ సిస్టమ్స్ సంస్థ చేత చేయించిన మరో యునిక్స్ రూపం పీసీ/ఐఎక్స్‌ను, 10 ఎంబీ హార్డ్ డిస్కుతో వచ్చిన పీసీ ఎక్స్‌టీ కోసం 900 డాలర్లకు అమ్మింది.

మెమరీ చాలదనడం చరిత్రకే విరుద్ధం. యునిక్స్ పుట్టిన బెల్ ల్యాబ్స్‌లో అది తొలినాళ్లలో నడిచిన పీడీపీ-11/20 అనే కంప్యూటరులో ఉన్న మెమరీ 24 కేబీ మాత్రమే. అందులో 16 వ్యవస్థకు, 8 వాడుకరుల ప్రోగ్రాములకు. ఆ యంత్రంపైనే పేటెంట్ విభాగపు టైపిస్టులు రోజువారీ పని చేశారు. ఎక్స్‌టీకి 640 కేబీ దాకా అమర్చుకోవచ్చు.

ఇక మెమరీ రక్షణ. 8088లో అది లేదన్నది నిజమే, కానీ ఆ పీడీపీ-11/20లోనూ లేదు. పైగా 8088లో సెగ్మెంట్ రిజిస్టరు (మెమరీలో ఒక భాగం ఎక్కడ మొదలవుతుందో చెప్పే, ప్రాసెసరులోని చిన్న గడి) విలువను 16తో హెచ్చించి ఆఫ్‌సెట్ (ఆ మొదలు నుంచి ఎంత దూరమో చెప్పే సంఖ్య) కలిపితేనే మెమరీలో అసలు చిరునామా వస్తుంది. కోడుకు 64 కేబీ, డేటాకు 64 కేబీ చొప్పున పరిమితం చేసుకుని, ఆ రిజిస్టర్ల జోలికి పోకుండా కంపైల్ చేసిన ప్రోగ్రాములో ఉండేవన్నీ ఆఫ్‌సెట్లే కనుక, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌లోని కీలక భాగం) దాన్ని డిస్కుకు పంపి, తర్వాత మెమరీలో ఇంకోచోట దించి, రిజిస్టర్లలో కొత్త విలువలు వేసినా ప్రోగ్రాము ఏ తేడా లేకుండా సాగిపోతుంది. నడుస్తున్న ప్రోగ్రాముకు నకలు తీయమనే ఫోర్క్ పిలుపు వచ్చినప్పుడు ఆ నకలును వేరేచోట పెట్టి నడపడం కూడా ఈ పద్ధతిలోనే కుదురుతుంది. నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ముచ్చటైన భాగం ఇదే. అయితే దారితప్పిన ప్రోగ్రాము సెగ్మెంట్ రిజిస్టరును తానే మార్చి కెర్నల్ మీదే రాసేస్తే ఆపే సాధనం ఆ చిప్పులో లేదు. అది నిజమైన ప్రమాదమే, అందులో సందేహం లేదు. కానీ ప్రమాదం ఉండటం వేరు, అసాధ్యం కావడం వేరు. ఆ రక్షణ కోసం కూడా 386 దాకా ఆగవలసిన పని లేకపోయింది: 1984 నాటి పీసీ ఏటీలోని 80286లో అది ఉంది, దానికి ఐబీఎం జెనిక్స్‌ను అందించింది.

మరి ఇవి ఎందుకు వ్యాపించలేదంటే, అసలు అడ్డంకి ఖర్చు. సుమారు 40 డాలర్ల ఆపరేటింగ్ సిస్టమ్ పీసీ డాస్ ఒక్క ఫ్లాపీతో పని మొదలుపెట్టేది. పీసీ/ఐఎక్స్‌కు 900 డాలర్లతో పాటు ఖరీదైన హార్డ్ డిస్కు కూడా కావాలి. 1983లో వచ్చిన స్ప్రెడ్‌షీట్ ప్రోగ్రాము లోటస్ 1-2-3 వంటి, జనం పీసీ కొన్నదే వాటి కోసం అన్నట్టున్న ప్రోగ్రాములు డాస్ కోసం రాసినవి, వేగం కోసం నేరుగా తెర మెమరీలోకి రాసేవి. వాటిని వదులుకుని యునిక్స్‌కు మారడానికి ఒక సాధారణ కార్యాలయానికి కారణమేదీ కనిపించలేదు.