ఆసియా శాస్త్ర సంఘానికి గుంటూరులో ఒక ఆఫీసు ఎందుకు కావాలి

2021 నవంబరు, డిసెంబరుల్లో గుంటూరు చుట్టుపక్కల మిర్చి తోటలు చూసినవాళ్లకు ఆ పరిస్థితి గుర్తుండే ఉంటుంది. చెట్టు పచ్చగానే ఉంది, పూత నిండుగా వచ్చింది. పువ్వు కోసి తెల్ల కాగితం మీద తడితే మాత్రం ఆవగింజ కంటే చిన్న నల్ల పురుగులు బిలబిలమంటూ పరుగులు తీసేవి. పూత రాలిపోయేది, పిందె పట్టేది కాదు. రైతులు ఒక మందు మీద ఇంకో మందు కొట్టారు. దాంతో మిత్ర పురుగులు చచ్చాయి, అసలు పురుగు మిగిలింది. పెట్టిన పెట్టుబడి పోయి, చివరికి చాలామంది చేలు దున్నేశారు.

దాన్ని మనవాళ్లు నల్ల తామర పురుగు అన్నారు. శాస్త్రీయ నామం త్రిప్స్ పార్విస్పైనస్. గుంటూరుకు కొత్త గానీ ఆసియాకు అది పాతదే. 1922లోనే శాస్త్రవేత్తలు దానికి పేరు పెట్టారు. ఇండోనేషియా మిర్చి తోటలకు ఎప్పటినుంచో తెలిసిన పీడ అది. మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. మన మిర్చి మీద విరుచుకుపడటానికి ఇంకో ఆరేళ్లు పట్టింది. ఆ పురుగు పోకడ తెలిసినవాళ్లు ఇండోనేషియాలోని జావాలో ఉన్నారు, బెంగళూరులో ఉన్నారు, దాని మీద పరిశోధన పత్రాలూ ఉన్నాయి. ప్రత్తిపాడు రైతుకు మాత్రం పూత రాలాకే తెలిసింది.

జావాలో తెలిసిన సంగతి ప్రత్తిపాడుకు చేర్చే పని ఎవరిది? ప్రభుత్వాలదే అనేస్తే సరిపోదు. ఏ ప్రభుత్వమైనా తమ పొలాల్లో కొత్త పురుగు పడిందని అధికారికంగా ఒప్పుకోవడానికి వెనకాడుతుంది. ఎగుమతులు ఆగిపోతాయన్న భయం ఉంటుంది. ఫైలు కదిలేసరికి పంటకాలం గడిచిపోతుంది. ఒక దేశపు శాస్త్రవేత్త ఇంకో దేశపు శాస్త్రవేత్తకు ఫోటో పంపి ‘ఇది మీ దగ్గర ఉందా?’ అని అడగడానికి అంత తతంగం అక్కర్లేదు. ఆ అడగడాన్ని ఒక పద్ధతిలో, ఏడాది పొడవునా నడిపించాల్సింది ప్రాంతీయ శాస్త్ర సంఘాలు, అంటే పలు దేశాల శాస్త్రవేత్తలు కలిసి పెట్టుకున్న సంఘాలు. ఆసియాలో వాటికి కొదవ లేదు. జీవరసాయన శాస్త్రవేత్తల సమాఖ్య 1972లో, రసాయన శాస్త్ర సంఘాల సమాఖ్య 1979లో, ఆసియా మత్స్య శాస్త్రవేత్తల సంఘం 1984లో పుట్టాయి. ఇబ్బందల్లా వీటిలో చాలా సంఘాలు సదస్సు కోసమే బతుకుతుండటం.

సదస్సు ఎలా జరుగుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు. విజయవాడలో ఒక పెద్ద హోటల్, జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, మెమెంటోలు, సావనీర్ ఆవిష్కరణ, రెండో రోజు సాయంత్రం కూచిపూడి, మూడో రోజు కొండపల్లి, ఉండవల్లి టూరు. అదంతా వద్దని నేననను. ముఖాముఖి పరిచయం లేనిదే శాస్త్రవేత్తల మధ్య నమ్మకం కుదరదు. కానీ ఆ మూడు రోజుల తర్వాత ఏమవుతుందో చూడండి. అధ్యక్షుడు మారతాడు. ఆయనతో పాటు కార్యదర్శి, కోశాధికారి మారతారు. పాత కోశాధికారి సంతకంతో నడిచిన బ్యాంకు ఖాతా కొత్తాయన చేతికి రావడానికి తీర్మానం కాపీ, కేవైసీ, మళ్లీ సంతకాల నమూనాలు. సభ్యుల జాబితా పాతాయన లాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ ఫైలుగా ఉంటుంది. అందులో సగం ఈమెయిళ్లు పనిచేయవు. కొత్త కమిటీ కుదురుకునేసరికి దాని కాలం సగం అయిపోతుంది, మిగతా సగం వచ్చే సదస్సు ఏర్పాట్లకు పోతుంది. తామర పురుగు గురించి జావా నుంచి ఉత్తరం వచ్చినా తెరిచి చూసే మనిషి ఉండడు.

అందుకే సంఘానికి ముందు కావాల్సింది జీతం తీసుకుని రోజూ కూర్చునే ఒక మనిషి, ఆ మనిషికి ఒక గది. 2003లో పుట్టిన ఆసియా ఓషియానియా జియోసైన్సెస్ సొసైటీని చూడండి. దాని సదస్సులు దేశదేశాలు తిరుగుతాయి, 2010లో మన హైదరాబాద్‌లోనే జరిగింది. ఆఫీసు మాత్రం సింగపూర్‌లో స్థిరంగా ఉంది. అధ్యక్షుడు ఏ దేశం వాడైనా ఉత్తరాలు, డబ్బు, రికార్డు ఒకే చోట ఉంటాయి.

రొయ్యల సంగతి ఇంకా బాగా చెప్తుంది. 1992-93లో తూర్పు ఆసియాలో మొదలైన తెల్లమచ్చ వ్యాధి 1994కల్లా మన కోస్తాకు వచ్చేసింది. నెల్లూరు నుంచి కృష్ణా దాకా చెరువులు ఖాళీ అయ్యాయి. ఆ దెబ్బ ఆసియా అంతటికీ తగిలింది కాబట్టి, 1998 నుంచి బ్యాంకాక్‌లోని ఆసియా పసిఫిక్ ఆక్వాకల్చర్ కేంద్రాల నెట్‌వర్క్, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) కలిసి మూడు నెలలకోసారి వ్యాధుల నివేదిక తేవడం మొదలుపెట్టాయి. ఏ దేశంలో ఏ వ్యాధి కనిపించిందో, ఏది అనుమానంగా ఉందో అందులో ఉంటుంది. ఆ తర్వాత చైనా, వియత్నాంలలో రొయ్యలు పిల్ల దశలోనే చచ్చిపోయే ఈఎంఎస్ వచ్చింది. 2012లో థాయ్‌లాండ్‌ను కూడా తాకగానే ఆ ఆగస్టులోనే బ్యాంకాక్‌లో నిపుణులను కూర్చోబెట్టారు. కారణమైన బ్యాక్టీరియాను 2013లో శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. ఆ నెట్‌వర్క్ ప్రభుత్వాల మధ్య సంస్థ, శాస్త్రవేత్తల సంఘం కాదు, నిజమే. అయినా నడిచే ఆఫీసు ఉంటే ఏం జరుగుతుందో దాన్నిబట్టి తెలుస్తుంది. మిర్చి రైతుకు 2015 నుంచి 2021 దాకా అలాంటి మూడు నెలల కాగితం అందుతూ ఉంటే, నీలి రంగు జిగురు అట్టలు, చేను చుట్టూ జొన్నో మొక్కజొన్నో రక్షక పంటగా వేయడం పూతకు ముందే మొదలయ్యేవి.

మరి ఆ ఆఫీసు మన దగ్గర ఎందుకు ఉండదు? ఇక్కడే అసలు ముడి ఉంది. ఇలాంటి సంఘానికి వచ్చే విదేశీ గ్రాంటు సాధారణంగా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కిందికి వస్తుంది. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. దాన్ని ఇంకో సంస్థకు బదిలీ చేయకూడదు. పాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించారు. బడి కట్టే సంస్థకు, బోర్లు వేసే సంస్థకు ఇది సరిపోవచ్చు. శాస్త్ర సంఘానికి ఉత్తరాలు రాయడం, సమాచారం సేకరించి పంచడమే పని. ఆ పనికయ్యే ఆఫీసు సిబ్బంది జీతాలు, ఆఫీసు అద్దె చాలావరకు పాలనా ఖర్చు లెక్కలోకే పోతాయి. నేపాల్ సంఘానికి చిన్న సాయం పంపాలన్నా దారి మూసుకుపోయింది. చట్టం ఉద్దేశాన్ని నేను తప్పుపట్టడం లేదు. విదేశీ డబ్బు మీద నిఘా ఉండాల్సిందే. కానీ పురుగుల సమాచారం పంచుకునే సంఘాన్నీ ఇతర సంస్థలన్నిటినీ ఒకే గాటన కట్టడం వల్ల నష్టపోతున్నది మన రైతే. కేంద్రం, భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) సిఫార్సు చేసిన శాస్త్ర సంఘాలకైనా ఆ 20 శాతం పరిమితి సడలించాలి.

ఇక దేశాల మధ్య రాజకీయం. దక్షిణాసియా దేశాల కూటమి సార్క్ శిఖరాగ్ర సదస్సు చివరిసారి 2014 నవంబరులో ఖాట్మండులో జరిగింది. 2016లో ఇస్లామాబాద్‌లో జరగాల్సింది రద్దయింది. ఢాకాలో ఉన్న సార్క్ వాతావరణ పరిశోధన కేంద్రం కూడా మూతపడింది. నాయకులు మాట్లాడుకోకపోతే శాస్త్రవేత్తలూ మాట్లాడుకోకూడదన్న పరిస్థితి రాకూడదు. ప్రభుత్వాలతో సంబంధం లేని సంఘం అక్కడ పనికొస్తుంది. పాకిస్తాన్ శాస్త్రవేత్తను విజయవాడ సదస్సుకు పిలవాలంటే హోంశాఖ అనుమతి ముందే కావాలి, చాలాసార్లు అది సమయానికి రాదు. ఆయన పంపే పురుగు ఫోటోకు మాత్రం ఏ అడ్డూ లేదు.

తైవాన్ సమస్య ఇంకో రకం. ప్రపంచంలోనే పెద్ద మిర్చి విత్తన సేకరణల్లో ఒకటి అక్కడి వరల్డ్ వెజిటబుల్ సెంటర్‌లో ఉంది. 1971లో పెట్టిన ఆ సంస్థకు హైదరాబాద్‌లోని అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో కార్యాలయం కూడా ఉంది. వాళ్లు లేకుండా మిర్చి గురించి మాట్లాడలేం. కానీ సభ్యుల పట్టికలో ‘తైవాన్’ అని దేశం పేరుగా రాస్తే చైనా ప్రతినిధులు లేచి వెళ్లిపోతారు. అంతర్జాతీయ రసాయన శాస్త్ర సమాఖ్య ఐయూపీఏసీ దీనికో దారి కనిపెట్టింది. అక్కడి సభ్య సంఘాన్ని ‘తైపీలో ఉన్న రసాయన సంఘం’ అన్న పేరుతో చేర్చుకుంది. దేశం మాట ఎత్తకుండా ఊరి పేరు పెట్టడంతో ఇద్దరూ ఒకే గదిలో కూర్చోగలుగుతున్నారు. ఏ ప్రాంతీయ సంఘమైనా మొదటి రోజే దేశాల బదులు సంస్థలను సభ్యులుగా చేర్చుకుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

ఓట్ల విషయంలో నాకు స్పష్టమైన అభిప్రాయం ఉంది. సభ్యుల సంఖ్యను బట్టి ఓట్లిస్తే భారత్, చైనాలే ఎప్పటికీ ఏలుతాయి. లావోస్, నేపాల్ శాస్త్రవేత్తలు రెండేళ్లు చూసి మూడో ఏడు రుసుము కట్టడం మానేస్తారు. సభ్యులు సంస్థలే అయినా, కౌన్సిల్‌లో ఒక్కో దేశం నుంచి చేరినవాటన్నిటికీ కలిపి ఒకే ఓటు ఉండాలి. రుసుము మాత్రం దేశ ఆదాయాన్ని బట్టి ఉండాలి. జపాన్ ప్రొఫెసర్‌కూ నేపాల్ పరిశోధక విద్యార్థికీ ఒకే రేటు పెట్టడం అన్యాయం. పైగా చిన్న మొత్తాలు విదేశానికి పంపితే బ్యాంకు ఛార్జీలు రుసుమును మించిపోతాయి. అందుకే దేశంలో ఒక సంస్థ అందరి దగ్గరా రూపాయల్లోనో, బంగ్లాదేశ్ టాకాల్లోనో వసూలు చేసి ఏడాదికోసారి పంపాలి.

మీటింగులకు టైము దొరకడం కూడా చిన్న పనేం కాదు. టోక్యోలో సాయంత్రం 6 అంటే మనకు మధ్యాహ్నం 2.30. జనవరిలో మనకు సంక్రాంతి, ఆ వెంటనే చైనా, వియత్నాంల కొత్త సంవత్సరం, ఏప్రిల్ మధ్యలో థాయ్‌లాండ్ సోంగ్‌క్రాన్, దసరాకు నేపాల్ అంతా సెలవు. రంజాన్ నెల ఏటా కొన్ని రోజులు ముందే వస్తుంది. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి గోడకు అంటించుకునే మనిషి కావాలంటే, మళ్లీ ఆ ఆఫీసు మాటకే వస్తాం.

చట్టం మారేదాకా ఆగక్కర్లేదు. డబ్బు, రిజిస్ట్రేషన్ సింగపూర్‌లోనో బ్యాంకాక్‌లోనో పెట్టి, పని మాత్రం ఇక్కడ చేయవచ్చు. ఆసియాలోనే పెద్ద మిర్చి యార్డు గుంటూరులో ఉంది. గుంటూరు పక్కనే లాంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం, దాని పరిశోధన స్థానం ఉన్నాయి. విశ్వవిద్యాలయం రెండు గదులు, డిప్యుటేషన్ మీద ఒక కీటక శాస్త్రవేత్తను ఇస్తే చాలు. జీతం మన విశ్వవిద్యాలయమే ఇస్తుంది కాబట్టి విదేశీ నిధుల గొడవ ఉండదు. యార్డు మార్కెట్ ఫీజులో కొద్ది వాటా కేటాయిస్తే ఇంకో ఇద్దరు కుర్రాళ్ల జీతాలు వెళ్లిపోతాయి. ఇండోనేషియా, థాయ్‌లాండ్, వియత్నాం, బంగ్లాదేశ్, శ్రీలంకల్లో ఒక్కొక్కరిని ఎంచుకుని, నెలకోసారి వాళ్ల మిర్చి తోటల్లో ఏం కనిపించిందో ఫోటోలతో సహా తెప్పించాలి. దాన్ని రెండు పేజీలుగా కుదించి తెలుగులో రైతు సేవా కేంద్రాలకు, ఇంగ్లీషులో మిగతా దేశాలకు పంపాలి. ఆ కాగితం నారు పోసే జులైకల్లా రైతు చేతిలో ఉండాలి.