బాగున్నవాళ్ళ ఈఈజీలకే కరువు

ఈఈజీ, అంటే తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మెదడులోని విద్యుత్తును గీతలుగా తీసే పరీక్ష, అనగానే "ఫిట్స్ ఉన్నాయా?" అని అడుగుతారు. ఆ పరీక్షకు వచ్చేవాళ్ళలో ఎక్కువమంది ఏదో బాధతోనే వస్తారు కాబట్టి ఆస్పత్రి కంప్యూటర్లు రోగుల రికార్డులతోనే నిండిపోతాయి. ఏ జబ్బూ లేని మెదడు గీత ఎలా ఉంటుందో చూద్దామంటే దొరికేవి కొన్నే. ఇదేమైనా చిన్న సంగతా? కునుకు పట్టేటప్పుడు ఆరోగ్యవంతులకూ మొనదేలిన తరంగాలు కనిపిస్తాయి. అనుభవం చాలనివాళ్ళు వాటిని మూర్ఛ అనేస్తారు. లేని జబ్బుకు ఏళ్ళ తరబడి మాత్రలు మింగినవాళ్ళున్నారు.

1924లో జర్మనీలోని యేనాలో హాన్స్ బెర్గర్ మొదటిసారి మనిషి ఈఈజీ తీశాడు. వందేళ్ళు దాటినా, మన బీటెక్ ప్రాజెక్టు తెరిస్తే తరచూ కనిపించేది ఫిజియోనెట్ అనే ఉచిత డేటా వెబ్‌సైట్‌లోని ఆ 109 మంది వాలంటీర్లే. వాళ్ళు పిడికిలి బిగించారు, బిగించినట్టు ఊహించుకున్నారు. ఆ పుణ్యాన ఎన్ని థీసిస్‌లు గట్టెక్కాయో! అమెరికా ఆంక్షల్లో నలిగే క్యూబా కూడా 18 నుంచి 68 ఏళ్ళ ఆరోగ్యవంతులు 282 మంది డేటాను 2021లో అందరి ముందూ పెట్టింది. మన దగ్గర మాత్రం పేపరు అచ్చయిపోయినా హార్డ్‌డిస్కుకు గడ్డివాము దగ్గర కుక్కలా కాపలా కాసే పెద్దమనుషులున్నారు. ఒళ్ళు మండుతుంది.

తమ ఈఈజీ బయట పెడితే "మనసులో మాట చదివేస్తారేమో" అని కొందరికి భయం. ఈ రికార్డుల్లో కనిపించేది చూస్తే ఆ టెన్షన్ తగ్గుతుంది: కళ్ళు మూస్తే తల వెనక భాగంలో సెకనుకు సుమారు పదిసార్లు ఊగే ఆల్ఫా తరంగం, రెప్ప వేస్తే నుదుటి దగ్గరి ఎలక్ట్రోడ్లలో ఒక్కసారిగా లేచే గీత, పళ్ళు బిగిస్తే అంతా గజిబిజి.

అలాగని రికార్డులోంచి పేరు తీసేస్తే చాలు, ఎవరిదో తెలియదనడమూ అబద్ధమే. రెండు రికార్డులు ఒకే మనిషివని పట్టేసే ప్రోగ్రాములున్నాయి. 2023లో చిలీ సుప్రీంకోర్టు ఒక మాజీ సెనేటర్ మెదడు డేటాను చెరిపేయమని ఈఈజీ హెడ్‌సెట్ కంపెనీని ఆదేశించింది కూడా. కాబట్టి "నెట్‌లో పెట్టాక వెనక్కి తీసుకోవడం మా చేతుల్లో ఉండదు" అని తెలుగులో, సంతకానికి ముందే చెప్పాలి. ఇంగ్లిష్ ఫారం చూపించి "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అంటే కుదరదు.

ఇంకొకటి. తలకు నూనె ఉంటే ఎలక్ట్రోడ్ సరిగా అంటదు, తలంటుకుని రమ్మంటారు, సరే. ఒత్తయిన జడ విప్పి, పాయలు తీసి, జెల్ పెట్టేసరికి టైమ్ పడుతుందని ఆడవాళ్ళను పిలవడం మానేస్తే అది ఎవరి "నార్మల్" అవుతుంది? ఓపిక పట్టి పిలవండి. వయసు, కుడిచేతివాటమా ఎడమచేతివాటమా, రాత్రి ఎంతసేపు పడుకున్నారు, పొద్దున కాఫీ తాగారా అన్నీ రాసి, ముడి ఫైలే అందరి ముందూ పెట్టండి. కడిగి ఆరేసిన గ్రాఫులు మాకొద్దు.